కొండ మీదికి గుల్లసున్నం

కొడైకెనాల్‌లో దొరల కాలపు బంగళా ఒకటి ఇప్పుడు ఖరీదైన లాడ్జీ అయింది. పేరు రాయను. రాస్తే అదీ వాళ్ళకు ప్రచారమే. మీరెవరైనా ఆ ఊరు వెళ్ళి, కొండ అంచున రాతి గోడలతో, ఎర్ర పెంకులతో ఉన్న ఆ ఇల్లు చూసి, సాయంత్రం చలిమంట చుట్టూ కూర్చుంటే బాగుంటుంది కదా అని ముచ్చటపడవచ్చు. బాగానే ఉంటుంది. నేనూ కూర్చుని చేతులు కాచుకున్నాను. నా కాళ్ళ కింద ఎవరున్నారో అప్పటికి నాకు తెలియదు. తెల్లవారి తెలిసింది. ఇంటికి వచ్చి ఇన్ని వారాలైనా ఆ కోపం తగ్గలేదు కాబట్టి ఇది రాస్తున్నాను.

బిట్రగుంట

మా ఆవిడ సుగుణ వాళ్ళ తాత పేరు దావీదు. నెల్లూరులో మిషను దొరల దగ్గర వంటమనిషి. అందరూ బట్లరు దావీదు అనేవారట. ఎండాకాలం వస్తే దొరలు కొడైకెనాల్ పోయేవారు. వాళ్ళతోపాటు వంటవాళ్ళూ, ఆయాలూ, నీళ్ళు మోసేవాళ్ళూ మా జిల్లా నుంచే పోయేవారు. ఒక ఏడు దావీదు తాత అక్కడే జ్వరంతో చనిపోయాడు. బంగళా వెనక, బేరి చెట్ల, అదే పియర్ చెట్ల, కింద పాతిపెట్టారు. ఆయనకు ముందూ తరువాతా అక్కడే పోయిన మావాళ్ళవి కలిపి ఆ వరసలో ఏడు సమాధులు.

మా వైపు క్రైస్తవులకు నవంబరు రెండో తేదీ సమాధుల పండగ. కలుపు పీకి, సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. సున్నం కొట్టని సమాధిని చూస్తే, వాళ్ళకెవరూ లేరు కాబోలని దారిన పోయేవాళ్ళు అనుకుంటారు. మా మామగారు బిట్రగుంట లోకోషెడ్డులో పనిచేశారు. రైల్వే పాసు ఉండేది కాబట్టి ఏటా ఆ రోజుకు కొండ ఎక్కి తండ్రి సమాధికి సున్నం కొట్టి వచ్చేవారు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి నన్నూ తీసుకుపోయారు. మామగారు పోయాక ఆ పని ఆగిపోయింది. ఆ తరువాత బంగళా చేతులు మారి లాడ్జీ అయిందని విన్నాం.

ఈ ఏడు సుగుణ పట్టుబట్టింది. "మా నాయన పోయినకాడ్నించి ఆ సమాధి మాసిపోయి పడుండాది. ఈ తూరి పోదామా లేదా, ఒక మాట చెప్పయ్యా" అంది. లాడ్జీకి ఫోను చేశాను. సమాధుల దగ్గరికి రావచ్చా అని అడిగితే, లోపలికి బస చేసేవాళ్ళకు మాత్రమే ప్రవేశమన్నారు. ఆ తేదీల్లో కనీసం రెండు రాత్రులు తీసుకోవాలన్నారు. అద్దె విని మళ్ళీ అడిగాను. సరిగ్గానే విన్నాను. రొయ్యల గుంటలు తవ్వేవాళ్ళకు ఎంత మట్టి లేస్తుందో, గట్టుకు ఎంత పడుతుందో చెప్పడం నా పని. ఎక్కడా చదువుకున్నది కాదు, చేస్తూ చేస్తూ పట్టుబడింది. ఆ రెండు రాత్రుల డబ్బుతో చిన్న గుంటకు ఒక పక్క గట్టు పోయించవచ్చు. తాత సమాధి చూడటానికి గట్టు ఖర్చు కట్టి గది తీసుకున్నాం.

సున్నం మా తీరానిదే కావాలని సుగుణ పట్టు. మామగారు అలాగే చేసేవారట. మా ఉప్పుకాలువల్లో గుల్లలు ఏరి కాల్చిన సున్నం. ఇప్పుడు ఆ బట్టీలు చాలావరకు ఆరిపోయాయి. బోగోలు వైపు తిరిగి తిరిగి ఒకచోట పట్టాను. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు సమాధికి పైభాగం, నాలుగు పక్కలు లెక్కవేసి, రెండు పూతలకు ఎంత కావాలో అంతే, కాల్చిన గుల్ల రేకు డబ్బాలో పోసి మూత చుట్టూ టేపు వేశాను. నీళ్ళు తగిలితే అది పొంగి కాలుతుంది. సుగుణ స్టీలు క్యారియరులో చేపల పులుసు పెట్టింది. మామిడికాయల కాలం కాదు కాబట్టి ఎండబెట్టిన మామిడి ఒరుగులు వేసి చేసింది. మరుసటి రోజుకు దాని రుచి పెరుగుతుంది, అందుకే ముందురోజు చేసింది.

ఘాట్ రోడ్డు

మద్రాసులో బండి మారి, కొడై రోడ్డు స్టేషనులో దిగి, కారు మాట్లాడుకున్నాం. డ్రైవరు మురుగన్ నవ్వుమొహం మనిషి. తెలుగు కొంచెం వచ్చు, రానిచోట తమిళం వేసి నెట్టుకొచ్చేవాడు. పైకి పోయేకొద్దీ మంచు అద్దాల మీద కారుతోంది. నేను డబ్బాను పంచెలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను.

"దాంట్లో ఏముంది సార్? తంగమా, బంగారమా?" అన్నాడు.

"సున్నం" అన్నాను.

"కొడైలో సున్నం లేదా సార్?"

"ఉంటది నాయనా. ఈయనకి నచ్చదు" అంది సుగుణ, నేనే పట్టుబట్టినట్టు.

దారిలో కొండ వెల్లుల్లి అమ్మే దుకాణం దగ్గర ఆపాడు. చిన్నచిన్న పాయలు, ఘాటు మాత్రం ముక్కుకు తగిలేంత. మా ఊరి ధరకు రెండింతలు చెప్పింది దుకాణం ఆమె. సుగుణ బేరమాడి, బేరం కుదరక వదిలేసి, కారు కదిలాక ఆపించి వెనక్కిపోయి ఆ ధరకే కొనుక్కొచ్చింది. కొండచరియ జారి దారి మూసినచోట చాలాసేపు నిలబడిపోయాం. లాడ్జీ చేరేసరికి చీకటి పడింది.

గేటు

కారు నిలిపే చోటునుంచి బంగళాదాకా గడ్డిలో రాతి పలకలు పరిచిన బాట ఉంది. మధ్యలో మసాజులు చేసే స్పా గది, దాన్ని దాటితే బంగళా. చినుకులు, మంచు, అక్కడక్కడా మసక దీపాలు. ఆ పలకల మీద సూట్‌కేసు చక్రాలు గడగడలాడిస్తూ నడిచాను. సుగుణ నా వెనకే చెప్పులతో నడిచింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఎదురుగా తువ్వాళ్ళ బుట్టతో ఒకామె వస్తోంది. శుభ్రంగా బాట ఉండగా, బురదలో, గడ్డి మీద నడుస్తోంది. కాలు జారి పడబోయి నిలదొక్కుకుంది. నాకు వింతగా అనిపించింది. బాట అతిథులకేనని రూలు ఉందేమో అనుకున్నాను.

లోపల ఏదో తీపి నీళ్ళు చిన్న గ్లాసులో ఇచ్చి, సామాను తనిఖీ యంత్రంలో పెట్టారు. క్యారియరు పట్టుబడింది. బయటి ఆహారం నిషేధమట.

"చేపల పులుసయ్యా. రేపు మేం తినేదానికి" అంది సుగుణ.

"లేబుల్ వేసి ఫ్రిజ్‌లో పెడతాం మేడమ్. వెళ్ళేప్పుడు తీసుకోవచ్చు."

"మా తాతకాడ పెట్టి తినాలని చేసుకొచ్చింది. పోయేటప్పుడు నాకెందుకు?"

ఆ కుర్రాడికి అర్థం కాలేదు. క్యారియరుకు చీటీ కట్టి తీసుకుపోయాడు. రేకు డబ్బాలో తెల్ల రాళ్ళేమిటో తెలియక, తినేది కాదని చెబితే వదిలేశాడు.

గది

గది పెద్దదే. మంచం మీద ఆరుగురు పడుకోవచ్చు. స్నానాలగదిలో బకెట్టు లేదు, చెంబు లేదు. అంత డబ్బు కట్టి వచ్చిన మనిషి ఒక చెంబెడు నీళ్ళు ఒంటి మీద పోసుకోవడానికి లేదు. పైనుంచి వాన కురిసినట్టు పడే గొట్టం ఒకటి, దానికి నాలుగు మరలు. ఏది తిప్పినా ముందు చన్నీళ్ళు వచ్చాయి.

సున్నం ఆ రాత్రే తడపాలి, తెల్లారేదాకా ఊరాలి. బకెట్టు లేదు కాబట్టి వసారాలో పూలరేకులు తేలేసి పెట్టిన ఇత్తడి గంగాళాన్ని ఖాళీ చేసి, స్నానాలగదిలో పెట్టి, గుల్ల పోసి నీళ్ళు వంచాను. ఇంట్లో ఇది పెరట్లో చేసే పని. బుసబుసమని పొంగి, గదంతా ఆవిరి కమ్మి, పైకప్పులో ఎర్రదీపం వెలిగి కూత మొదలుపెట్టింది. నలుగురు పరిగెత్తుకొచ్చారు, ఒకడి చేతిలో నిప్పునార్పే ఎర్ర సిలిండరు.

బురదలో నడిచినామె కూడా వచ్చింది. గంగాళంలోకి తొంగిచూసి, తెలుగులో, "సున్నమా అన్నా? సమాధులకా?" అంది.

ఊరు తడ అట, మా వైపే. గదులు ఊడ్చే వాళ్ళ మీద పెద్ద. ఆమె పేరు సెల్వి అని రాస్తున్నాను, అసలు పేరు వేరు. అవునన్నాను. ఆమె ఏదో చెప్పబోయి, వెనక నిలబడ్డవాళ్ళను చూసి ఆగిపోయింది. కూత ఆపించి అందరినీ పంపేసింది.

సున్నం రాలకుండా ఉండటానికి గంజి కలుపుతాం. సుగుణ ఫోనులో వంటగదిని గంజి అడిగింది. అన్నం యంత్రంలో ఆవిరికి ఉడుకుతుందనీ, గంజి రాదనీ, కావాలంటే సూపు పంపిస్తామనీ చెప్పారు. "గంజి లేని వంటిల్లంట" అని ఫోను పెట్టేసింది.

భోజనాల హాలు

భోజనానికి పోయి వంటకాల కార్డు తీస్తే మొదటి పేజీలోనే ఉంది: బట్లర్ డేవిడ్ నెల్లూర్ ఫిష్ కర్రీ. కింద ఒక చిన్న కథ. తీరప్రాంతం నుంచి వచ్చిన నమ్మకస్తుడైన వంటవాడు, ఆయన రహస్య మసాలా, దొరసాని మెప్పు. పన్నెండు వందలు. అన్నం వేరే. గోడ మీద దొరల కుటుంబం పటం, వెనక వరసలో తలపాగా మనిషి. ఆ పటం నకలు మా ఇంట్లోనూ ఉంది.

సుగుణ లేచిపోయి పటంలో తలపాగా మనిషి మీద వేలు పెట్టింది. తరువాత వడ్డించే అబ్బాయిని పట్టుకుని, "ఈయన మా తాత! మా నాయన నాయన! కొండ మీద పేరేసి పెట్టుకోనుండారు చూడయ్యా" అని నన్ను కుదిపింది. ఆ నిమిషంలో కట్టిన డబ్బంతా నేను మరిచిపోయాను.

మేనేజరు వచ్చాడు. పేరు వికాస్ అనుకోండి. బెంగుళూరులో పెరిగిన తెలుగువాడు. "వావ్ మేడమ్! ఇది మాకు చాలా పెద్ద స్టోరీ" అంటూ సుగుణను పటం పక్కన నిలబెట్టి ఫోటోలు తీశాడు. మా బట్లర్ మనవరాలు మా అతిథి అని అప్పటికప్పుడు ఫోనులో పెట్టి, లైకులు ఎన్ని వస్తున్నాయో చూపించాడు.

కూర వచ్చింది. తెల్లటి పింగాణీ గిన్నెలో లేత పసుపు పులుసు, పైన మీగడ చుక్కలు. సుగుణ ఒక ముద్ద తిని ఆగింది.

"ఎట్టుంది?" అన్నాను.

"పులుపు యాడుంది ఇందులో? చింతపండు లేదు, ఒరుగు లేదు. పాలల్లో చేపలేసినట్టుంది." ఇంకో ముద్ద కలుపుకుని, "పోన్లే, పేరన్నా పెట్టినారు" అంది.

భోజనం అయ్యాక వెనకవైపు చెక్క అరుగు మీద చలిమంట దగ్గర కూర్చోబెట్టారు. మంచులో నాలుగడుగుల అవతల ఏమీ కనిపించడం లేదు. సమాధుల సంగతి వికాస్‌ని అడిగాను.

"హెరిటేజ్ మొత్తం ప్రిజర్వ్ చేశాం సార్. చీకట్లో ఎందుకు, రేపు నేనే చూపిస్తా."

గదికి వచ్చేసరికి తువ్వాళ్ళ దొంతర కింద మా క్యారియరు ఉంది. చీటీ పీకేసి ఉంది. సెల్వి పని.

బేరి చెట్టు

పొద్దున్నే వికాస్ మమ్మల్ని బంగళా ముందువైపు, పూలమడుల మధ్యకు తీసుకుపోయాడు. ఇనుప కంచె, నున్నటి పాలరాయి, ఇత్తడి ఫలకం. రెండే సమాధులు. చుట్టూ తెల్ల గులాబీలు.

సుగుణ వంగి పేర్లు చూసింది. "ఇవి దొరసాని బిడ్డలవి. పాపం, చిన్నబిడ్డలు. మా తాతది?"

"అవి కొంచెం... మార్కర్స్ సరిగ్గా లేవు మేడమ్. ల్యాండ్‌స్కేపింగ్‌లో షిఫ్ట్ అయ్యుంటాయి. కనుక్కుంటా" అని ఫోను చెవిన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

కనుక్కోవలసిన పని మాకు లేదు. వంటగది వెనక్కి పోయాం. మంచు విడిపోయింది. నేను మామగారితో వచ్చినప్పుడు అక్కడ బేరి చెట్లు గుబురుగా ఉండేవి. ఇప్పుడు ఒక్కటే మిగిలింది. దాని మొదలును ఒక పక్క ఆనుకునేలా చెక్క పలకలను వంపుగా కోసి అరుగు బిగించారు. చెట్టుకు తూర్పున, సరిగ్గా ఏడు సమాధుల వరస ఉండే చోట, రాత్రి మేము చేతులు కాచుకున్న మంట బూడిద.

సుగుణ అరుగు మీద కాలు పెట్టలేదు. చెట్టును ముట్టుకుని నిలబడింది. నేను కిందికి వంగి పలకల సందుల్లోంచి చూశాను. సిమెంటు దిమ్మెలు, ఇనుప కాళ్ళు, నల్లటి మన్ను. సమాధుల కట్టడం లేదు, తలాపున నిలబెట్టిన పేరు రాళ్ళు లేవు.

"మనిషి ఇక్కడే ఉండాడు. రాయి ఏం జేసినారయ్యా?" అంది.

అప్పుడే సెల్వి తువ్వాళ్ళతో స్పా గదికి పోతోంది. మళ్ళీ బురదలోనే. సుగుణ కేకేసింది.

"ఏమ్మే సెల్వీ, బాట ఉంటే బురద తొక్కుతుండావే?"

సెల్వి నిలబడిపోయింది. బుట్ట కింద పెట్టలేదు. "నేను దాని మీద కాలు పెట్టను అక్కా" అంది.

"ఎందుకు?"

"నాకు తెలుగు చదివేదానికి వచ్చు అక్కా."

రాతి బాట

బాటలోని పలకలన్నీ ఒకటి కావు. చాలావరకు కొండరాయి, వంకరటింకరగా కొట్టినవి. మధ్యమధ్యలో మాత్రం రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంచులు తీర్చిన పలకలు ఏడు. ఏడూ ఒకే చేతి పని. రాత్రి వాన కడిగిపెట్టింది. పక్కనుంచి చూస్తే అక్షరాలు తేలాయి. నాలుగో పలక మీద ఇలా ఉంది:

దావీదు. వంటవాడు. నెల్లూరు జిల్లా. ప్రభువునందు నిద్రించెను.

సుగుణ చెప్పులు విప్పి, ఆ పలక పక్కన తడి గడ్డిలో కూలబడి, పమిట చెంగుతో దాన్ని తుడవడం మొదలుపెట్టింది. "రాత్రి నేను తొక్కినానయ్యా. చెప్పులతో తొక్కినాను" అంటూనే ఉంది. నేను సూట్‌కేసు చక్రాలను తలచుకున్నాను. ఆ రాయి మీద సన్నటి గీత ఒకటి ఉంది, అది నాదో ఇంకొకరిదో చెప్పలేను. అదే చెప్పలేకపోవడం నాకు ఎక్కువ కోపం తెప్పించింది. ఎన్ని చక్రాలు, ఎంతమంది కాళ్ళు!

కోపం ముందు సెల్వి మీదికి పోయింది. "తెలిసి గమ్మునున్నావా ఇన్నాళ్ళు?" అని అరిచాను.

"చెప్పినా అన్నా. రాళ్ళు పరిచే రోజే కాంట్రాక్టరుకు చెప్పినా. నువ్వు తుడిచేదానివి, తుడువు పో అన్నాడు. తుడస్తా ఉండా. తొక్కను, అంతే."

గదికి పోయి గంగాళం మోసుకొచ్చాను. సున్నం వెన్నలా ఊరి ఉంది. నీళ్ళు కలిపి, గుడ్డలో వడగట్టి, కొబ్బరి పీచు కుంచె సుగుణ చేతికిచ్చాను. ఆమె తాత రాయికి మొదటి పూత వేసి, అక్షరాల్లో నిలిచిన సున్నాన్ని వేలితో తీసి, పేరు కనబడేలా చేసింది. తరువాత మూడో రాయికి జరిగింది.

"అందరికీ కొడదాం. వీళ్ళకు ఎవరొస్తారు?" అంది.

"ఒక్క సమాధికే తెచ్చాం" అన్నాను, అలవాటు కొద్దీ.

అని నాకు నేనే లెక్కవేసుకున్నాను. నేను తెచ్చింది పైభాగం, నాలుగు పక్కలు ఉన్న నిండు సమాధికి. ఇక్కడ మిగిలింది ఒక్కో మనిషికి మూడు చదరపు అడుగుల రాయి. ఏడింటికీ రెండేసి పూతలు వేశాం. గంగాళంలో సగానికి పైగా మిగిలింది. నా లెక్క తప్పలేదు. సమాధులే అంతగా తరిగిపోయాయి. గుంటల పనిలో ఇన్నేళ్ళలో ఎన్నో గట్లు కోసుకుపోవడం చూశాను, ఎన్ని అడుగులు పోయాయో చెప్పాను. కోతకు పోయిన సమాధిని లెక్కవేయడం అదే మొదటిసారి.

తెల్ల అంగీ తొడుక్కుని స్పాకు పోతున్న ఒకాయన బాట మధ్యలో మమ్మల్ని చూసి ఆగాడు. తనకు పదింటికి అపాయింట్‌మెంట్ ఉందన్నాడు. సుగుణ తల ఎత్తకుండా, "మా తాతకు పెద్ద అపాయింట్‌మెంటు ఉండాది, కూర్చో" అంది. ఆయనకు తెలుగు రాదు కాబట్టి చెట్ల చాటుగా చుట్టూ తిరిగిపోయాడు.

వికాస్ పరిగెత్తుకొచ్చాడు. "సార్, ప్లీజ్, ఇది గెస్ట్ పాత్‌వే."

"ఇది ఏ భాషో తెలుసా?" అన్నాను రాయి చూపించి.

"తెలుగని తెలుసు సార్. మా ఇంట్లో తెలుగే. చదవడం రాదు."

"చదవడం వచ్చినామె చెప్పింది కదా?"

కాంట్రాక్టరు ఇవి పాత రాళ్ళనీ, అక్షరాలుంటే హెరిటేజ్ లుక్ వస్తుందనీ చెప్పాడట. తరువాత వికాస్ గొంతు తగ్గించి బేరానికి దిగాడు. రెండు రాత్రుల అద్దె మాఫీ చేస్తానన్నాడు. అక్కర్లేదన్నాను. అద్దె మాఫీ అయితే నేను అతిథిని కాను, అతిథిని కాకపోతే గేటు బయటకు నెట్టవచ్చు. ఇంత డబ్బు కట్టి కొనుక్కున్న హక్కు అదొక్కటే. చివరికి, "మేడమ్, ఆ స్టోన్ మీరు తీసుకెళ్ళండి. నీట్‌గా ప్యాక్ చేసి మీ ఊరికి పంపిస్తాం" అన్నాడు.

ఎవరో అతిథి మరిచిపోయిన గొడుగు పంపిస్తానన్నట్టు అన్నాడు ఆ మాట.

సుగుణ లేచి నిలబడింది. మోచేతుల దాకా సున్నం. "రాయి తీసకపోతే ఆయన ఇక్కడుండాడని ఎవరికి తెలస్తది? మనిషి మీ మంట కింద ఉండాడు. ఏడు రాళ్ళూ పీకి ఆ చెట్టుకాడ నిలబెట్టు. ఆ అరుగు యాడికన్నా జరుపుకో."

"అది హెడ్ ఆఫీస్ అప్రూవల్ కావాలి మేడమ్."

"రాత్రి నన్ను పటం పక్కన నిలబెట్టి ఫోటో తీసినావు గదా? ఇప్పుడు తియ్యి. ఈ రాయి పక్కన తియ్యి."

తీయలేదు. ఫోను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం చెట్టు కింద, అరుగుకు అవతల, నేల మీద కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థన చేసుకున్నాం. క్యారియరు విప్పాం. కొండ చలికి పులుసు గడ్డకట్టినట్టయింది, రుచి మాత్రం పోలేదు. సెల్విని పిలిస్తే నిలబడే తింది, అటూ ఇటూ చూస్తూ. ఒరుగు ముక్క చప్పరించి, "ఇదక్కా నిజమైన బట్లర్ కూర" అని మొదటిసారి నవ్వింది. మిగిలిన సున్నాన్ని బేరి చెట్టు మొదలు చుట్టూ పోశాం.

తిరుగు దారి

సాయంత్రం మళ్ళీ చినుకులు పడ్డాయి. గంజి పడని సున్నం తడిస్తే ముట్టుకున్న ప్రతిదానికీ అంటుతుంది. బాటకు అడ్డంగా తాడు కట్టమని వికాస్‌కు నేనే కబురు పంపాను. అతిథులకు అసౌకర్యమని కట్టలేదు. స్పా నుంచి వచ్చేవాళ్ళు, కార్లు దిగినవాళ్ళు, మంట దగ్గరికి పోయేవాళ్ళు, అందరూ మునుపటిలాగే ఆ రాళ్ళ మీదనే నడిచారు. తెల్లగా ఉన్నాయని ఒకరిద్దరు ఫోటోలు కూడా తీసుకున్నారు. నడవాలో గుడ్డలతో తుడుస్తున్న చప్పుడు మా గదిలోకి వినిపించింది.

పొద్దున బిల్లు కట్టడానికి దిగితే నల్లటి చెక్క నేలంతా తెల్లటి అడుగులు. బూట్లవి, హవాయి చెప్పులవి, ఒక చిన్నబిడ్డ వట్టి పాదాలవి. తలుపులోంచి నడవాలోకి, నడవా నుంచి భోజనాల హాలులోకి, బల్లల మధ్యగా పోయి, గోడ మీద తలపాగా మనిషి పటం కిందికి చేరాయి. లెక్కపెట్టడం నా అలవాటు. వాటిని లెక్కపెట్టలేదు.

బిల్లులో శుభ్రం చేసినందుకు అదనపు రుసుము వేశారు. గీత కొట్టి, తాడు కట్టమని నేను కబురు పంపిన సంగతి పక్కన రాసి, సంతకం పెట్టి, మిగతాది కట్టాను. వికాస్ వాదించలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిద్ర లేదు.

"రాత్రి మూడుసార్లు తుడిపించాం సార్. తడిగా ఉన్నప్పుడు పోయినట్టే ఉంటుంది, ఆరాక మళ్ళీ తెల్లగా వచ్చేస్తోంది. మధ్యాహ్నం పెద్ద గ్రూప్ వస్తోంది. మీకు సున్నం సంగతి తెలుసు కదా, దేంతో కడిగితే పోతుంది?"

నేను చెప్పదలుచుకోలేదు. సుగుణ ఖాళీ క్యారియరు చేతికి తగిలించుకుని వెనక్కి తిరిగింది.

"పులుపుతో రుద్దితే పోతది అబ్బాయా. చింతపండో, ఒరుగో. నీ వంటింట్లో అది లేదు గదా."

బయట మురుగన్ కారుతో వచ్చి హారను కొట్టాడు. రాత్రి వానకు గడ్డి చిత్తడి చిత్తడిగా ఉంది. సూట్‌కేసు నెత్తిన పెట్టుకుని నేను ముందు, సుగుణ వెనక, బాట పక్కన బురదలోంచి నడిచి కారు దగ్గరికి పోయాం.